ఇటుకల రైలుకు జిగురు పూసినవాడు

నేను ఆరో తరగతిలో ఉండగా మా లెక్కల మాస్టారు విసిగిపోయి, "ఒరేయ్ సుభానీ, నువ్వు చదువుకు పనికిరావురా. పోయి బొమ్మలతో ఆడుకోపో" అన్నారు. నా జన్మలో అక్షరం పొల్లు పోకుండా పాటించిన గురువాక్యం అదొక్కటే. మరుసటి వారమే నరసరావుపేట బజారులో బొమ్మలు బాగుచేసే కొట్టులో చేరాను. యాభై ఏళ్ళు ఆడుకున్నాను. నాతోపాటు చదివి పాసైనవాళ్ళంతా ఆఫీసుల్లో రిటైరై మెడలో దండలు వేయించుకున్నారు. నేను కొట్టు మూసిన రోజున దండతో వచ్చింది ఒక మేక. అది కూడా పక్క పూలకొట్టులో లాక్కున్న దండను నములుతూ అటుగా వచ్చింది.

ఈ మధ్య ఒకరిద్దరు కుర్రవాళ్ళు ఈ పనిలోకి వస్తామని నన్ను సలహా అడిగారు. నన్ను సలహా అడిగారంటేనే వాళ్ళ తెలివి ఎంతో తెలుస్తోంది. అయినా అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఏ బొమ్మకు ఏ స్క్రూ అనేది రాయను, అది ఫోన్లో చూసుకోండి. ఫోన్లో దొరకనిది రాస్తాను.

ఏడ్చేది ఎవరు

బొమ్మ పాడైతే పిల్లలు ఏడుస్తారని జనం అనుకుంటారు. పిల్లలు ఏడవరు. వాళ్ళు అప్పటికే రెండో బొమ్మ బేరం మాట్లాడుకుని ఉంటారు. నా కొట్టు మెట్ల మీద ముఖం వేలాడేసుకుని నిలబడేది పెద్దవాళ్ళు. కారు బొమ్మ, కోతి బొమ్మ అయితే "మావాడు పగలగొట్టాడయ్యా" అని నిజం చెబుతారు. రైలు బొమ్మ అయితే మాత్రం "మావాడిది" అంటూనే గుండెకు హత్తుకుని తెస్తారు. ఆ "మావాడు" ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ ఉంటాడు. రైలు మాత్రం ఈయన మంచం కింద తిరుగుతూ ఉంటుంది.

అంచేత మొదటి మాట. రైలు బొమ్మ తెచ్చినవాణ్ణి "ఇది ఎవరిది?" అని అడగకండి. అబద్ధం చెప్పించిన పాపం మీకెందుకు?

ఉస్తాద్ మెడలో వేసిన తాయెత్తు

నాకు పని నేర్పింది ఖాజా ఉస్తాద్. కొట్టు ఆయనది, ఆయన తర్వాత నాదయింది. చేతి వేళ్ళు కొబ్బరి పీచులా ఉండేవి, నోరు కొబ్బరి చిప్పలా ఉండేది. ఆయన దగ్గర చదువు అంతా ఒక్క ముక్కే: "మన చేతిలోంచి పోయింది మళ్ళీ ఊడి రాకూడదు." బాగుచేసిన బొమ్మను ఖాతాదారు కళ్ళ ముందే బల్ల మీదనుంచి నేలకు వదిలేవాడు. పగలకపోతే ఖాతాదారు నవ్వేవాడు. పగిలితే నా వీపు మీద శబ్దం వచ్చేది.

ఒకసారి నేను బాగుచేసిన తగరపు రైలు ఒకటి, తాళంచెవి తిప్పితే పరుగెత్తే రకం, చక్రం ఊడి వారానికే తిరిగి వచ్చింది. ఉస్తాద్ ఆ చక్రానికి దారం కట్టి నా మెడలో వేశాడు. సాయంత్రం దాకా తియ్యనివ్వలేదు. వచ్చినవాళ్ళంతా "ఏంది సాయిబూ, కుర్రాడి మెడలో తాయెత్తా?" అంటే "అవును బాబూ, బద్ధకం దిగటానికి కట్టా. చానా మొండిది, తొందరగా దిగట్లా" అనేవాడు.

ఆ రోజునుంచి నేను జిగురుకు భక్తుణ్ణయ్యాను. స్క్రూ పెట్టిన చోట కూడా ఒక చుక్క వేసేవాణ్ణి. ప్లాస్టిక్కును కొద్దిగా కరిగించి రెండు ముక్కల్ని ఒకే ముక్క చేసే మందు ఒకటి ఉంటుంది. అది బజారులోకి వచ్చాక ఇక నన్ను పట్టేవాడు లేడు. నేను బాగుచేసిన బొమ్మను తిరిగి విప్పాలంటే నావల్ల కూడా అయ్యేది కాదు. దాన్ని నేను పనితనం అనుకున్నాను.

ఉస్తాద్ చెప్పింది తప్పని నేను ఇప్పటికీ అనను. ఆయన కాలంలో ఊడటానికే పుట్టిన బొమ్మ లేదు, అంతే. కాలం మారిందని ఉస్తాద్‌లు చెప్పరు. శిష్యులే ఎక్కడో ఒకచోట తల బాదుకుని తెలుసుకోవాలి. నేను బాదుకున్న చోటు ఇప్పుడు చెబుతాను.

ఫస్టు క్లాసు, జనరల్ బోగీ

రైలు బొమ్మల లోకంలో కూడా ఫస్టు క్లాసు, జనరల్ ఉన్నాయని నాకు నేర్పింది విశ్వనాథం గారు. రైల్వేలో పట్టాల ఇంజనీరుగా చేసి, రిటైరై మా ఊళ్ళో ఉండేవారు. గుంటూరులో చిన్న రైళ్ళ సరదా ఉన్నవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సంఘానికి ఆయన సెక్రటరీ. జేబులో ఎప్పుడూ ఒక ఉక్కు కొలబద్ద. ఇంట్లో దోసె వేసినా గుండ్రం సరిపోయిందో లేదో కొలుస్తారని మా బజారులో అనుకునేవాళ్ళం.

ఒకరోజు మెత్తటి గుడ్డలో చుట్టి ఒక ఇంజను తెచ్చారు. అరచేతిలో పట్టేంత ఉంది. అసలు ఇంజనును ఎనభై ఏడో వంతుకు కుదిస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉందట. నిచ్చెన, దీపం, డ్రైవరు ఎక్కే మెట్టు అన్నీ ఉన్నాయి.

"నెమ్మదయ్యా, ఆ మెట్టు విరుగుతుంది."

"సార్, ఈ మెట్టు మీద ఎవరెక్కుతారు?"

"ఎవరూ ఎక్కరు. కానీ ఉండాలి."

భూతద్దం పెట్టి చూస్తే ఇరుసుకు ఒక వెంట్రుక చుట్టుకుని ఉంది. తెల్లది. "సార్, పెద్ద జబ్బేం లేదు. మీ తలమీదనుంచి ఒక ప్రయాణికుడు టికెట్ లేకుండా ఎక్కాడు" అన్నాను. ఆయన నవ్వలేదు. నవ్వు కొలతకు సరిపోయి ఉండదు.

నా అరమీద బాగుచెయ్యడానికి వచ్చిన ఇటుకల రైలు ఒకటి ఉంది. మీకు తెలిసినవే, ఒక ఇటుక నెత్తిన బొడిపెలుంటాయి, ఇంకో ఇటుక కింద గుంటలుంటాయి, టక్కున నొక్కితే అతుక్కుంటాయి. అలా ఒకదాని మీద ఒకటి పేర్చి ఇంజను, బోగీలు కట్టి, ప్లాస్టిక్ పట్టాల మీద బ్యాటరీ మోటారుతో నడుపుతారు. దాన్ని చూపించి "మరి ఇవి మీ సంఘంలో ఉంటాయా సార్?" అన్నాను.

"అవి బొమ్మలయ్యా."

"మరి మీవి?"

"నమూనాలు."

తేడా ఏమిటో నేను తర్వాత తీరిగ్గా ఆలోచించాను. బొమ్మతో ఆడుకుంటారు. నమూనాతో కూడా ఆడుకుంటారు, కాకపోతే ఆడుకోవడం లేదని చెబుతారు.

నిజం చెప్పాలంటే రెండిటికీ తెగుళ్ళున్నాయి. ఇటుకల రైలుకు కొలత అంటూ ఉండదు. డ్రైవరు తల తలుపంత ఉంటుంది. పట్టాల వంపు మరీ గుండ్రం, బోగీ కాస్త పొడుగైతే వంపులో తోక బయటికి తోసుకొస్తుంది, సందులో మలుపు తిరిగే గడ్డి లారీ మాదిరి. నమూనా రైలుకు ఆ అవకతవకలు లేవు, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ అది పట్టాల్లోంచి కరెంటు తాగి బతుకుతుంది కాబట్టి పట్టా మీద చిటికెడు దుమ్ము పడితే చాలు, మూర్ఛ. దుమ్ము లేని చోట ఉండాలంటే పల్నాడులో పుట్టకూడదు. ఇటుకల రైలు దుమ్ములో తిరుగుతుంది. కింద పడితే వంద ముక్కలవుతుంది, ఏరుకుంటే మళ్ళీ రైలవుతుంది. నచ్చకపోతే రేపు పొద్దున అదే ఇటుకలతో వేరే ఇంజను కట్టుకోవచ్చు. ఆ చివరి ముక్క నాకు అప్పటికే తెలుసు. తెలిసినవాణ్ణి తెలిసినట్టు ఉండొచ్చు కదా.

పచారీ కొట్టులో గూడ్సు బండి

పిడుగురాళ్ళలో పద్మజ అని, కోమట్ల ఆడపడుచు, పచారీ కొట్టు చూసుకుంటుంది. నలభై దాటింది. నన్ను బాబాయ్ అంటుంది. గల్లాపెట్టె వెనక, పప్పు డబ్బాల అర మీద, ఇటుకల రైలుకు పట్టా వేసింది. ఆవిడ కట్టింది రంగురంగుల ప్యాసింజరు కాదు, తమ ఊరి సున్నపురాయి మోసే గూడ్సు బండి. మట్టిరంగు పెట్టెలు, వాటిలో తెల్ల ఇటుకల రాళ్ళు, ముందు నల్లటి ఇంజను. ఊరి సున్నపు దుమ్ము ఉచితంగా వాలేది కాబట్టి రంగు వెయ్యాల్సిన పని కూడా లేదు. ఎవరైనా ఏలకులు అడిగితే పొట్లం కట్టి పెట్టెలో వేసి రైల్లోనే పంపేది.

మోటారు చెడినప్పుడల్లా నా దగ్గరికి వచ్చేది. "ఈ వయసులో ఇదేంది అంటున్నారు బాబాయ్" అని ఒకసారి అంది.

"ఎవరమ్మా?"

"ఏలకులకి వచ్చినోళ్ళంతా. రెండు పొట్లాలు పంపించుకుని చూసిపోయి, బయటికెళ్ళి అంటారు."

విశ్వనాథం గారి సంఘం గురించి ఆవిడకు చెప్పింది నేనే. చేరతానని ఉత్తరం రాసింది. "ఆట వస్తువులకు అవకాశం లేదు" అని జవాబు. మళ్ళీ రాసింది, మళ్ళీ అదే జవాబు. మూడోసారి రాస్తుంటే నేను ఉండబట్టలేక "ఎందుకమ్మా వాళ్ళ వెంటబడతావ్? వాళ్ళిచ్చే బిళ్ళ మెళ్ళో వేసుకుంటే కందిపప్పు ఎక్కువ అమ్ముడవుద్దా?" అన్నాను.

"బిళ్ళ ఎవడిక్కావాలి బాబాయ్? ఏడాదికోసారి వాళ్ళంతా హాల్లో పక్కపక్కన పట్టాలేసుకుంటారంట. ఇది ఎందుకు లేచింది, అది ఎందుకు ఆగింది అని గంటలు గంటలు మాట్లాడుకుంటారంట. నేను బియ్యం బస్తాల మధ్య ఒక్కదాన్నే తిప్పుకుంటన్నా. వంపులో నా బండి ఎందుకు లేస్తందో చెప్పే మనిషి ఈ ఊళ్ళో ఒక్కడు లేడు. నువ్వూ మోటారుదాకే."

ఆ మాట కొంచెం గుచ్చుకుంది. నిజం కాబట్టి.

మూడో ఉత్తరానికి విశ్వనాథం గారు మెత్తబడ్డారు. ఆ ఏడాది ప్రదర్శనలో తలుపు పక్కన ఒక టేబులు ఇస్తామన్నారు. ఆ ఏడాది వాళ్ళు ప్లైవుడ్డుతో ఒక పెద్ద కొండ కడుతున్నారు, అందరి పట్టాలూ దాని సొరంగాల్లోంచి పోతాయి. కొండ తోక చివర ఆవిడకూ ఒక సొరంగం. షరతు ఒక్కటే: అతిథులు వచ్చినప్పటినుంచి భోజనాల దాకా బండిని చేత్తో ముట్టుకోకుండా నడపాలి. నడిస్తే సభ్యురాలు. ఆగితే బొమ్మ. ఇక ఉత్తరాలు రాయొద్దు.

నేను చేసిన మహోపకారం

ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు పద్మజ ఇంజను పట్టుకొచ్చింది. మోటారు నడుస్తూ నడుస్తూ ఆగుతోంది. లోపల తీగ అతుకు వదిలింది, పావుగంట పని. చేశాను. అక్కడితో చెయ్యి కడుక్కుని ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. ఎక్కడో కిటకిటమంది. నరసరావుపేటనుంచి గుంటూరు దాకా ట్రాలీ ఆటోలో ప్రయాణం, ఆ గుంటలు, ఆ కుదుపులు తలచుకున్నాను. మెడలో చక్రం మళ్ళీ వేలాడినట్టయింది. పాపం ఆ అమ్మాయి మూడు ఉత్తరాలు రాసింది, హాల్లో అందరి ముందు ఇంజను ఊడితే ఏం కాను? సూది గొట్టంలోకి నా మందు ఎక్కించాను. ఒక పూటంతా కూర్చుని, ప్రతి ఇటుక సందులోనూ ఒక్కో చుక్క వేశాను. బయటికి మరక కూడా కనబడకుండా. నా యాభై ఏళ్ళలో అంత నాజూకైన పని ఇంకోటి చెయ్యలేదు. దాన్ని ఉచితంగా చేశాను. అడక్కుండా చేశాను. చెప్పకుండా కూడా చేశాను, హాల్లో చెప్పి మెప్పు పొందుదామని.

ప్రదర్శన రోజు పొద్దున్నే పద్మజ కొట్టుకు సరుకు తెచ్చే ట్రాలీ ఆటోలో వచ్చి, ఇంజనుతోపాటు నన్నూ ఎక్కించుకుంది. "ఊపి చూడమ్మా" అన్నాను. ఊపింది. "అసలు చప్పుడే లేదే! చానా గట్టిగా నొక్కావ్ బాబాయ్" అని మెచ్చుకుంది. ఆ మెప్పు గుంటూరు దాకా నమిలాను.

కొండ తోక

టేబులు నిజంగానే తలుపు పక్కన ఉంది. ఇంకా చెప్పాలంటే చెప్పుల స్టాండు పక్కన. పద్మజ పట్టాలు పరిచి, ఇంజనుకు ఎనిమిది పెట్టెలు తగిలించి, బండిని వదిలింది. గడగడమంటూ బయల్దేరి, వంపు తిరిగి, సొరంగం మూతి దగ్గర ఠక్కున ఆగిపోయింది. సొరంగం ఇంజనుకు ఇరుకైపోయింది, పెట్టెలైతే పట్టేవే. కొలతలు ముందే కాగితం మీద రాసిచ్చారు, ఆవిడ ఆ కొలతకే కట్టింది. కానీ కొండకు రంగు వేసినతను, రాళ్ళు బాగా కనబడాలని, ఆ పొద్దున లోపల కూడా ఇంకో పూత ప్లాస్టరు పిండి పూశాడు. ఉపకారం చేసే జబ్బు నాకొక్కడికే ఉందనుకున్నాను.

విశ్వనాథం గారు కొలబద్ద తీసి మూతికి అడ్డంగా పెట్టి చూసి, "పూత మాదే, ఒప్పుకుంటాను. కానీ ఎండిపోయింది, ఇప్పుడు గీకితే కొండ పగులుతుంది" అన్నారు.

పద్మజ కంగారు పడలేదు. నవ్వింది కూడా. "కొండ జోలికి పోబాకండి సార్. మీ ఇంజను పట్టకపోతే కొండ తవ్వాలి, నా ఇంజను పట్టకపోతే దాన్నే సన్నం చేస్తా. పది నిమిషాలు" అని, ఇంజను పక్క వరసలో గోరు దూర్చింది.

ఊడలేదు. రెండో ఇటుక చూసింది. ఊడలేదు. పైనున్నది పళ్ళతో పట్టి లాగింది.

"ఇదేంది బాబాయ్, ఇట్టా బిగుసుకుపోయింది?"

నేను గర్వంగా నవ్వాను. అవును, అప్పటికీ గర్వమే. విషయం నా బుర్రకు చేరాలంటే మధ్యలో చానా స్టేషన్లున్నాయి.

"ఊడదమ్మా. మందేశా."

"దేనికేశావ్?"

"అన్నిటికీ. ఒక్క ఇటుక వదల్లేదు."

"ఎవరెయ్యమన్నారు?"

"ఎవరూ అన్లా. దారిలో ఊడకూడదని నేనే..."

"ఊడటానికే గదా బాబాయ్ అది ఉంది! ఊడనిది కావాలంటే ఇనుముతో పోత పోయించుకునేదాన్ని, ఇటుకలెందుకు పేరుస్తా?"

హాల్లో అందరూ ఇటు తిరిగారు. విశ్వనాథం గారు గొంతు సవరించుకుని, "అమ్మా, అతిథులు రావడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. కుదరకపోతే చెప్పు, ఈ టేబులు మీద పిల్లలకు రంగు పెన్సిళ్ళు పెడతాం" అన్నారు. ఆయన వెక్కిరించలేదు. మర్యాదగానే అన్నారు. అదే ఎక్కువ మండింది.

పద్మజ పెట్టెల్ని ఒక్కొక్కటే తీసి టక టకా విప్పడం మొదలుపెట్టింది. పెట్టెలు నా చేతికి రాలేదు కాబట్టి అవి ఇంకా ఇటుకలుగానే ఉన్నాయి. ఆరు పెట్టెలు గుట్టగా పోసి, నా వైపు చూడకుండా అంది: "మోటారు బయటికి తియ్యి."

"ఇంజను విరుగుద్దమ్మా."

"ఇంజను నువ్వు మందేసిన రోజే పోయింది. మోటారు తియ్యి."

సంఘంలో ఒకాయన, నమూనా బోగీలు చేసుకునే మనిషి, సన్నపళ్ళ రంపం ఒకటి ఇచ్చాడు. "పళ్ళు జాగ్రత్తండీ" అన్నాడు. నా పళ్ళా, రంపం పళ్ళా అని అడిగే ధైర్యం లేకపోయింది. చుట్టూ ఇరవై మంది చూస్తుండగా, నా జీవితంలోకెల్లా నాజూకైన పనిని నేనే రంపంతో కోశాను. అది అంత తేలిగ్గా తెగలేదు. అంత బాగా చేశాను మరి! చెమటలు కారుతుంటే, "భాయ్, మీరు అతికించడంలో గట్టోళ్ళండీ" అని వెనకనుంచి ఎవరో అభినందించారు. నల్లటి పొట్టు గాల్లో లేచింది. చివరికి మోటారు బయటికి వచ్చింది, వంటికి రెండు తెగిన ఇటుకల్ని అతికించుకుని, ప్రమాదంలోంచి బయటపడ్డవాడు కట్టు కట్టుకున్నట్టు.

పద్మజ దాన్ని తీసుకుని కట్టడం మొదలుపెట్టింది. నల్ల ఇటుక ఒక్కటి లేదు. పెట్టెల మట్టిరంగు, రాళ్ళ తెలుపు, అంతే. వెడల్పులో పక్కకొక వరస తగ్గించింది. అప్పుడు నేను చూశాను, సంఘం వాళ్ళు తమ టేబుళ్ళు వదిలి ఒక్కొక్కరే ఇటు వస్తున్నారు. వాళ్ళ ఇళ్ళలో ఒక ఇంజను తయారవడానికి నెలలు పడుతుంది. ఇక్కడ కళ్ళముందే పుడుతోంది.

"బరువు వెనక్కి పెట్టమ్మా, వంపులో ముక్కు లేస్తుంది" అన్నాడు ఒకాయన.

"అందుకా లేచేది!" అంది పద్మజ తల ఎత్తకుండా. "ఇన్నేళ్ళనుంచి చూస్తన్నా. ఎంత వెనక్కి?"

"ఇరుసు మీదికి. ఆ, అక్కడ."

ఇంకొకాయన, నా కంటే పెద్దవాడు, జారిపడ్డ ఇటుక కోసం చెప్పుల స్టాండు కింద మోకాళ్ళ మీద వెతుకుతున్నాడు. విశ్వనాథం గారు సొరంగం మూతి దగ్గర కూర్చుని కొలబద్ద పెట్టి, "పైన ఇంకో రెండు మిల్లీమీటర్లు దించాలమ్మా" అని అరుస్తున్నారు.

"మిల్లీమీటర్లు నాకాడ లేవు సార్. దించితే ఒక ఇటుక, లేకపోతే లేదు."

"అయితే ఒక ఇటుక దించు!"

దించింది. మిగిలిన రెండు పెట్టెలు తగిలించి వదిలింది. ఇంజను చూడ్డానికి దరిద్రంగా ఉంది, సున్నపు బట్టీలోంచి సగం కాలి వచ్చినట్టు. గడగడమంటూ సొరంగంలో దూరింది. అందరం వంగి అవతలి మూతి వైపు చూస్తున్నాం. చప్పుడు తగ్గింది. ఇంకా తగ్గింది. నేను మనసులో మొక్కని పీరు లేడు. తర్వాత తెల్ల ముక్కు బయటికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే హాలు మధ్యలో, సంఘం వాళ్ళ పెద్ద నమూనా రైలు, పదహారు బోగీలది, దీపాలతో సహా ఆగిపోయింది. విశ్వనాథం గారు పరుగెత్తి పట్టా మీద వేలు రాసి చూసి, "ఈ నల్ల పొట్టు ఎక్కడిది?" అన్నారు. రంపం వెనక దాచుకుని నేను ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి.

గడి

భోజనాల దాకా ఆ బండిని ఎవరూ ముట్టుకోలేదు. అది ఆగనూ లేదు. భోజనాలప్పుడు విశ్వనాథం గారు సభ్యత్వం కాగితం తెచ్చి పద్మజ ముందు పెట్టారు. "ఇది నమూనానా, బొమ్మా అనేది కమిటీ తరవాత తేలుస్తుంది. ఈలోగా నువ్వు సంతకం పెట్టు" అన్నారు. కాగితంలో "ఎన్నో వంతు" అని ఒక గడి ఉంది. తన రైళ్ళు అసలు రైలులో ఎన్నో వంతో ప్రతి సభ్యుడూ రాయాలి. పద్మజ కలం ఆపి ఆయన వంక చూసింది. ఆయన కొలబద్ద జేబులో పెట్టుకుని, గోడ వైపు తిరిగి, "ఖాళీగా వదిలెయ్యమ్మా" అన్నారు. ఆ మనిషి చేత ఒక గడి ఖాళీగా వదిలించడం అంటే ఏమిటో ఆయన ఇంటి దోసెలనడగాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పద్మజ ఫిరంగిపురం దాటేదాకా నేను కోసిన ముక్కల్ని ఒళ్ళో పోసుకుని ఏరుతూ కూర్చుంది. దాటాక "ఆకలేస్తందా బాబాయ్?" అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇందులోంచి ఏం ఏరుకోవాలో నన్నడిగితే, ఒక్కటే చెబుతాను. వస్తువు చేతికి రాగానే దాని జబ్బు ఏమిటని అడగకండి, దాని పని ఏమిటని అడగండి. నాకు జబ్బులా కనబడింది దాని పని. నేను రోగం కుదిర్చి రోగిని చంపాను. అడక్కుండా చేసే ఉపకారం సంగతి కూడా చూసుకోండి. నమూనాల వాళ్ళు మెట్టు విరుగుతుందని భయపడితే భయపడనివ్వండి, ఇటుకల వాళ్ళు కట్టింది కూల్చుతుంటే కూల్చనివ్వండి. ఎవరి ఆట వాళ్ళది. ఇటుకల రైలు గొప్పదా, నమూనా గొప్పదా అని వాదులాడుకునే పెద్దమనుషుల మధ్య మాత్రం దూరకండి. రెండింటికీ మోటార్లు చెడతాయి, మనకు అది చాలు.

కొట్టు మూశాక ఒకరోజు పిడుగురాళ్ళ వెళ్ళి పద్మజ కొట్టులో కూర్చున్నాను. సంఘంలో ఇప్పుడు ఆవిడ టేబులు హాలు మధ్యలో ఉంటుంది, ఇటుకల వాళ్ళు ఇంకా నలుగురు చేరారు. అదంతా చెబుతుంటే వింటూ వింటూ, నాకు పాత బుద్ధి లేచింది.

"ఒకటి ఒప్పుకో అమ్మా. నేను జిగురు పెట్టకపోతే నువ్వు అక్కడ అందరి ముందు విప్పి కట్టేదానివి కాదు. ఊరికే తిరిగే రైలును వాళ్ళు ఒకసారి చూసి పోయేవాళ్ళు. నీకు సభ్యత్వం వచ్చింది నావల్లే గదా?"

పద్మజ తూకం వేస్తున్న శనగపప్పు వంక చూస్తూనే అంది:

"బావిలోకి తోసినోడు ఈత నేర్పిన గురువైతే నువ్వూ గురువే బాబాయ్. పెరట్లో బావుంది. పోయి గట్టు మీద నిలబడు, పప్పు కట్టేసి వచ్చి దక్షిణ ఇస్తా."